నెత్తిన కోడిజుట్టు, చేతిలో ఉకులేలీ

2011 డిసెంబరు 10, శనివారం రాత్రి. ఇండోనీసియా దేశంలో సుమత్రా ద్వీపానికి ఉత్తరపు కొసన ఆచే అనే రాష్ట్రం వుంది. దాని ముఖ్యపట్టణం బందా ఆచేలో ఆ రాత్రి ఒక పాటకచేరీ జరుగుతోంది. వచ్చిన డబ్బు అనాథపిల్లలకు ఇవ్వాలని నిర్వాహకుల సంకల్పం. వినవచ్చినవాళ్లంతా కుర్రకారు. వాళ్ల వాలకం చూస్తే మాత్రం మన బామ్మలు వీధి తలుపు గభాలున మూసేస్తారు. తలకు రెండు పక్కలా నున్నగా గొరిగించుకుని, నడినెత్తిన మాత్రం జుట్టును కోడిపుంజు తురాయిలా నిలబెట్టారు. చెవులకూ ముక్కుకూ పోగులు, మెడలో యినుప గొలుసులు, ఒంటిమీద చిరిగిన నల్లచొక్కాలు.

పాట మంచి పట్టులో వుండగా పోలీసులు వచ్చిపడ్డారు. కచేరీ ఆగిపోయింది. 64 మందిని బళ్లలోకి ఎక్కించారు. అందులో ఆడపిల్లలు అయిదుగురు. వూరికి 60 కిలోమీటర్ల దూరాన కొండల్లో వున్న పోలీసు శిక్షణ పాఠశాలకు తరలించారు.

అక్కడ మొట్టమొదట మంగలికత్తెర పని చేసింది. మగపిల్లలందరికీ తల బోడి చేశారు. ఆడపిల్లల జుట్టు మెడదాకా కత్తిరించారు. మెడలో గొలుసులు, చెవిపోగులు వూడదీశారు. నీళ్లలోకి దింపి స్నానం చేయించారు. పాతబట్టలు తీయించి కొత్తబట్టలు తొడిగారు. తలా ఒక పళ్లుతోముకునే బ్రష్షు ఇచ్చారు. పది రోజులపాటు నమాజు, కవాతు, నీతిబోధ. ఒక్కరిమీద కూడా ఫలానా నేరం చేశారని కేసు పెట్టలేదు. ఇది శిక్ష కాదనీ, దారి తప్పిన పిల్లలను తిరిగి దారిలో పెట్టడమేననీ అధికారులు చెప్పుకున్నారు.

వరసగా నేలమీద కూర్చోబెట్టిన ఆ బోడితలల ఛాయాచిత్రాలు నాలుగు రోజుల్లో ప్రపంచమంతా చుట్టి వచ్చాయి. లండన్‌లోనూ, మాస్కోలోనూ, అమెరికా పట్టణాల్లోనూ ఇండోనీసియా కార్యాలయాల ఎదుట కోడిజుట్టు కుర్రాళ్లు నిరసన తెలిపారు. అమెరికాలోని సియాటిల్ పట్టణంలో కొందరు పాటల క్యాసెట్లు పోగుచేసి ఆచే పిల్లలకు పంపే ఏర్పాటు చేశారు. ముక్కూ మొహం ఎరగని దూరదేశపు పిల్లల కోసం ఇంత కలవరం!

ఇంతకీ ఆ కచేరీలో పాడిన పాట ఏమిటి? దాని పేరు ‘పంక్’. పిడికెడు అన్నానికి వెతుక్కునే దేశాల్లో కుర్రాళ్లకు ఈ పిచ్చి ఎందుకు పట్టింది? పట్టితే పట్టింది, ప్రభుత్వాలు మంగలివాణ్ణి పిలిపించేటంత భయం దానిలో ఏమున్నది? ఈ సంగతులు కొంచెం విచారిద్దాం.

పుచ్చుకర్ర

ఇంగ్లీషులో ‘పంక్’ అన్న మాటకు ఒక పాత అర్థం పుచ్చిపోయిన కర్ర. దూలానికీ పనికిరాదు, వాసానికీ పనికిరాదు. అయితే నిప్పు రాజేయడానికి మాత్రం భేషుగ్గా పనికివస్తుంది. తర్వాత తర్వాత అది తిట్టు అయింది. పనికిమాలినవాడు, పోకిరీ అనే అర్థంలో వాడారు. ఆ తిట్టునే కొందరు కుర్రాళ్లు బిరుదుగా నెత్తిన పెట్టుకున్నారు.

ఈ సంగీతం న్యూయార్కులో పుట్టింది, లండన్‌లో పెరిగింది. 1974లో న్యూయార్కులో ‘రమోన్స్’ అనే జట్టు బయలుదేరింది. 1976 నాటికి లండన్‌లో ‘సెక్స్ పిస్టల్స్’ అనే జట్టు దేశాన్ని గగ్గోలు పెట్టించింది. అప్పుడు బ్రిటన్‌లో పనిలేని వాళ్లు పది లక్షలకు పైమాట. బడి వదిలితే ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ నుంచి పెళ్లి, పెళ్లి నుంచి ఇల్లు అనే మెట్లవరసలో మొదటి మెట్టే విరిగిపోయింది. ఆ కుర్రాళ్లు అరిచారు. ఆ అరుపుకే తాళం కట్టారు.

మన ఇళ్లలో పిల్లకు సంగీతం చెప్పించాలంటే ముందు మేష్టారిని కుదుర్చుకోవాలి. వీణో హార్మోనియమో కొనాలి. సరళీవరసలు, జంటవరసలు, అలంకారాలు దాటి గీతం అందుకునేసరికి యేడాది తిరుగుతుంది. పంక్‌లో ఆ బాధలేమీ లేవు. గిటారు మీద మూడు చోట్ల వేళ్లు పెట్టడం వస్తే చాలు. గొంతు బాగుండాలని లేదు. పాట రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రాగం తప్పితే నవ్వేవాళ్లు లేరు, ఎందుకంటే వినేవాడు కూడా రేపు పాడబోయేవాడే. శాస్త్రజ్ఞులు దీన్ని సంగీతమని ఒప్పుకోకపోవచ్చు. డబ్బు లేనివాడికి మాత్రం ఇంతకన్నా చవక అయిన సంగీతం మరొకటి లేదు.

అందుకే అది సముద్రాలు దాటింది. ధనికదేశాల్లో కొన్నాళ్లకు అది బట్టలకొట్ల మోజుగా మారింది. చిరుగులతో సహా కుట్టిన చొక్కాలు ఎక్కువ ధరకు అమ్మారు. పేదదేశాల్లో అలా జరగలేదు. అక్కడి కుర్రాళ్ల చొక్కాలు నిజంగానే చిరిగి వున్నాయి.

జకార్తా రోడ్ల మీద

ఇండోనీసియాను జనరల్ సుహార్తో మూడు దశాబ్దాలకు పైగా ఏలాడు. ఆయన కాలంలో గట్టిగా మాట్లాడినవాళ్ల గతి ఏమయ్యేదో ఒక్క ఉదాహరణ చాలు. తూర్పు జావాలో గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసే మర్సినా అనే అమ్మాయి కూలి పెంచమని తోటివాళ్లతో కలిసి సమ్మె చేసింది. 1993 మే నెలలో ఆమె శవమై దొరికింది. ఇలాటి వాతావరణంలో పేటల్లో కుర్రాళ్ల చేతికి పంక్ క్యాసెట్లు వచ్చాయి. ఒకడి దగ్గర వున్న క్యాసెట్టును పదిమంది మళ్లీ మళ్లీ ఎక్కించుకున్నారు.

1997లో తూర్పు ఆసియా దేశాల్లో ఆర్థిక ప్రళయం వచ్చింది. ఆ వేసవిలో డాలరుకు 2,400 రూపియాలుండేవి. 1998 జనవరి నాటికి ఆ లెక్క పదివేలు దాటింది. బియ్యం, నూనె ధరలు ఆకాశానికి అంటాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1998 మే 21న సుహార్తో గద్దె దిగాడు. స్వేచ్ఛ వచ్చింది, ఉద్యోగాలు రాలేదు. బడి మానేసిన పిల్లలు రోడ్డున పడ్డారు.

ఆ దేశంలో ‘పెంగామెన్’ అని ఒక తెగ జనం వున్నారు. అంటే తిరుగుబోతు గాయకులు. మన పాసింజరు రైళ్లలో చిడతలు వాయిస్తూ పెట్టె పెట్టెకూ తిరిగి పాడేవాళ్లను మీరు చూసే వుంటారు. సరిగా అలాగే వీళ్లు సిటీ బస్సు ఎక్కి, రెండు పాటలు పాడి, ప్రయాణికుల ముందు చెయ్యి చాచి, తరువాతి స్టాపులో దిగిపోతారు. వీళ్ల చేతిలో సాధనం ఉకులేలీ. బుల్లి గిటారు లాటిది. సంకలో ఇముడుతుంది, బస్సులో పక్కవాడి మొహానికి తగలదు. బస్సులో పాడే ఈ పిల్లలకూ, పంక్ కుర్రాళ్లకూ ఇట్టే జత కుదిరింది. రోడ్డూ ఒకటే, ఆకలీ ఒకటే గదా!

జకార్తాలో ‘మార్జినల్’ అనే జట్టు వుంది. అంచుకు నెట్టబడ్డవాళ్లు అని ఆ పేరుకు భావం. 1990ల చివర పుట్టిన ఈ జట్టులో మైక్, బాబీ అనే ఇద్దరు ముఖ్యులు. చచ్చిపోయిన మర్సినా మీద కట్టిన పాట వీళ్ల ప్రఖ్యాతమైన పాటల్లో ఒకటి. అయితే పాటలకన్నా గొప్ప సంగతి వాళ్ల ఇల్లు. వూరికి దక్షిణపు శివార్లలో ఒక కొంప తీసుకుని దానికి ‘తారింగ్ బాబీ’ అని పేరుపెట్టారు. అంటే పందికోర అని అర్థం. పేరు వింటే జడుసుకుంటాం గాని, లోపల జరిగేది వింటే మన పెద్దవాళ్లు కూడా సంతోషిస్తారు.

ఆ ఇంటికి తలుపు గొళ్లెం లేదంటే సరిపోతుంది. ఏ వూరినుంచి వచ్చిన పిల్లవాడైనా చాప పరుచుకోవచ్చు. బస్సుల్లో పాడే చిన్నపిల్లలకు అక్కడ ఉకులేలీ వాయించడం నేర్పుతారు. చెక్కమీద బొమ్మ చెక్కి, రంగు పూసి, గుడ్డ మీద అచ్చొత్తడం నేర్పుతారు. పెడన అద్దకం ఎరిగిన మనకు ఈ విద్య కొత్త కాదు. చొక్కాల మీద బొమ్మలు వేసి అమ్ముతారు, పచ్చబొట్లు పొడుస్తారు. వచ్చింది కలిపి ఖర్చు పెట్టుకుంటారు. బిచ్చం ఎత్తకుండా, దొంగతనం చెయ్యకుండా నాలుగు డబ్బులు సంపాదించే విద్య ఒకటి చేతికి రావాలన్నది వాళ్ల ఆశయం.

ఇదంతా బృందావనమే అనుకుంటే పొరపాటు. రోడ్డు మీద బతికే పిల్లలను రోడ్డు కాటు వేస్తుంది. వీళ్లలో బంక వాసన పీల్చి మత్తెక్కేవాళ్లున్నారు, తాగి కొట్లాడేవాళ్లున్నారు. ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు ఏ లారీ మీద ఏ వూరు పోయాడో తెలియక ఏడ్చే తల్లులున్నారు. ఆ తల్లుల బాధను ఏ పాటా తీర్చలేదు. ఈ పిల్లలను మార్చాలని సమాజం తాపత్రయపడటంలో కొంత న్యాయం వుంది. ఎలా మార్చాలన్నదే ప్రశ్న.

దీనికి ఆచే పోలీసులు చూపిన దారి ఒకటి. మరొక దారి కూడా ఇండోనీసియాలోనే వుంది. హలీం అంబియా అనే మతబోధకుడు జకార్తా పరిసరాల్లో వంతెనల కింద చేరే కోడిజుట్టు పిల్లల దగ్గరకు తానే వెళ్లాడు. వాళ్ల మధ్య నేలమీద కూర్చున్నాడు. కొరాన్ చదవడం నేర్పాడు. జుట్టు తీస్తేనే పాఠం చెబుతానని అనలేదు. ‘తసవుఫ్ అండర్‌గ్రౌండ్’ అని ఆ సంస్థ పేరు. చదువుతోబాటు ఏదో ఒక పని చూపించడం కూడా అక్కడి పద్ధతి. తలమీద వున్నదాని సంగతి ఎత్తకుండా తలలోకి ఏదైనా పంపవచ్చునని ఆయన రుజువు చేశాడు.

మన తాతలు వెళ్లిన వూరు

జకార్తా మనకు దూరం కావచ్చు. రంగూన్ మాత్రం దూరం కాదు. ఒకప్పుడు కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి పొగవోడ ఎక్కితే కొద్ది రోజుల్లో రంగూన్ చేరేవాళ్లు. బియ్యపు మరల్లోనూ, రేవులోనూ కూలికి వెళ్లిన తెలుగువాళ్లు వేలకు వేలు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరుమీద వాళ్లను బర్మావాళ్లు ‘కోరంగీలు’ అనేవారు. 1942లో జపాను దండు వచ్చిపడితే ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇల్లు చేరారు. దారిలో రాలిపోయినవాళ్లకు లెక్కలేదు. ఆ రంగూన్‌నే ఇప్పుడు యాంగన్ అంటున్నారు.

ఆ వూరికి పంక్ కూడా వోడ మీదనే వచ్చింది. 1990లలో విదేశపు వోడల్లో పనిచేసే బర్మా నావికులు తిరిగి వస్తూ పెట్టెల అడుగున క్యాసెట్లు, పత్రికలు తెచ్చారు. అప్పటికి ఆ దేశం సైన్యం గుప్పిట్లో వుంది. పాట రికార్డు చెయ్యాలంటే ముందు మాటలన్నీ కాగితం మీద రాసి సెన్సారు వాళ్లకు సమర్పించాలి. వాళ్లు కొట్టేసిన మాటలు పోను మిగిలింది పాడుకోవాలి. అంచేత అక్కడి ప్రసిద్ధ గాయకులు చాలామంది ఇంగ్లీషు పాటల వరసలకు బర్మా మాటలు పెట్టి, ప్రేమపాటలుగా పాడుకుంటూ కాలం గడిపారు. వరస అరువు, భావం క్షేమం!

2007 సెప్టెంబరులో పెట్రోలు, గ్యాసు ధరలు పెంచిన మీదట జనం వీధిన పడ్డారు. కాషాయం కట్టిన బౌద్ధభిక్షువులు వేలసంఖ్యలో ముందు నడిచారు. సైన్యం కాల్పులు జరిపింది. ఆ యేడాదే ‘రెబెల్ రయట్’ అనే పంక్ జట్టు పుట్టింది. చ్యా చ్యా అనే యువకుడు దానికి నాయకుడు. సెన్సారు ముందుకు వెళ్లడం మానేశారు. పాడుపడిన ఇళ్లలోనూ, వూరి బయటా రహస్యంగా పాడుకున్నారు. ఏప్రిల్‌లో బర్మావాళ్ల కొత్తసంవత్సరానికి నీళ్లు చల్లుకునే పండుగ చేస్తారు. ఆ నాలుగు రోజులూ ఎవరు ఎలాటి వేషం వేసినా అడిగేవారుండరు. ఆ సందట్లో దేశం నలుమూలల నుంచీ కోడిజుట్టువాళ్లు యాంగన్‌లో కలుసుకునేవారు. మనకు సంక్రాంతికి అల్లుళ్లు వచ్చినట్టు!

2012 ఆగస్టులో ప్రచురణకు ముందే మాటలు పరీక్షించే పద్ధతిని ప్రభుత్వం ఎత్తివేసింది. ఆ తరువాతి సంవత్సరాల్లో బర్మాలో ముస్లిములపై ద్వేషం రాజుకుంది. కొందరు భిక్షువులే దానికి నెయ్యి పోశారు. అప్పుడు చ్యా చ్యా జట్టు, తాము బౌద్ధులై వుండి కూడా, ఆ ద్వేషానికి ఎదురు నిలిచి పాడింది. ఆ రోజుల్లో అది ప్రాణంతో చెలగాటం.

ఈ కుర్రాళ్లే మరొక పని మొదలుపెట్టారు. 1980లో అమెరికాలో బాంబులకు పెట్టే ఖర్చు అన్నానికి పెట్టమని ఒక ఉద్యమం బయలుదేరింది. దాని పేరు ‘ఫుడ్ నాట్ బాంబ్స్’. ఆ పేరుతోనే యాంగన్ పంక్ పిల్లలు రాత్రిపూట అన్నం పొట్లాలు, పళ్లు పట్టుకుని నడివూళ్లో పేవుమెంట్ల మీద పడుకునే వాళ్ల దగ్గరకు వెళ్లి పంచడం మొదలుపెట్టారు. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించండి. మెడలో గొలుసు, చొక్కాకు యినుప ముళ్లు, నెత్తిన నిప్పురంగు జుట్టు, చేతిలో అన్నం మూట! పేవుమెంటు మీది ముసలమ్మకు ముందు భయం వేసే వుంటుంది. పొట్లం విప్పిన తరువాత ఆ భయం నిలవదు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం గుంజుకుంది. ఆ దేశంలో పాటకు కట్టవలసిన ధర ఎంతో చెప్పడానికి మరొక పేరు తలచుకోవాలి. ఫ్యో జేయా థా పంక్ గాయకుడు కాడు, దానికి దాయాది అయిన హిప్‌హాప్ గాయకుడు. 2000లో బర్మాలో మొదటి హిప్‌హాప్ పాటల సంపుటి తెచ్చిన జట్టులో వాడు. 2007 అలజడి తరువాత యువజన సంఘం స్థాపించి జైలుకు వెళ్లాడు. విడుదలై 2012లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. 2022 జూలైలో సైనిక ప్రభుత్వం అతన్ని మరి ముగ్గురితోబాటు ఉరి తీసింది. అంతకు ముందు కొన్ని దశాబ్దాలుగా ఆ దేశంలో ఉరి అమలు కాలేదు.

డ్రమ్ము దొరకని కుర్రాడు

పాట పట్టుకోమ్మ దొరికినవాడి సంగతి చెప్పుకున్నాం. అది దొరకనివాడి సంగతి కూడా చెప్పుకుంటేనే లెక్క సరిపోతుంది. దానికి భూగోళంలో అవతలివైపుకు, దక్షిణ అమెరికాలోని కొలంబియాకు వెళ్లాలి.

అక్కడ మెదెయిన్ అనే నగరం వుంది. లోయలో ధనికులు, చుట్టూ కొండచరియల మీద ఇటికల గుడిసెల్లో పేదలు. 1980లలో ఆ వూరు కొకెయిన్ వ్యాపారుల రాజధాని. మోటారుసైకిలు, తుపాకి చేతికిచ్చి, ఫలానావాణ్ణి కాల్చి రమ్మంటే డబ్బిచ్చేవాళ్లు. ఆ ఉద్యోగానికి తీసుకునేది పదహారు, పదిహేడేళ్ల పిల్లలను. 1991లో ఆ ఒక్క నగరంలో హత్యలు ఆరువేలు దాటాయి. ఆ కొండల మీదనే పంక్ జట్లు పుట్టాయి. కొండ మీది కుర్రాడికి వున్నవి రెండే సాధనాలు. ఒకటి తుపాకి, రెండోది గిటారు. గిటారుకు జీతం లేదు.

విక్టర్ గవీరియా అనే దర్శకుడు ఈ పిల్లల మీద ‘రోద్రిగో డి: నో ఫ్యూతురో’ అనే చిత్రం తీశాడు. అది 1990లో కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది. కథ చిన్నది. తల్లి పోయిన రోద్రిగోకు నిద్ర పట్టదు. వాడికి ఒకటే కోరిక, డ్రమ్ములు సంపాదించి ఒక పంక్ జట్టు కట్టాలని. చిత్రమంతా డ్రమ్ముల కోసం తిరుగుతాడు. రెండు పుల్లలు పట్టుకుని కనిపించిన ప్రతి వస్తువు మీదా వాయిస్తాడు. డ్రమ్ములు మాత్రం దొరకవు. కడపట ఒక ఎత్తయిన మేడ ఎక్కుతాడు. ఆ తరువాత సంగతి చెప్పనక్కరలేదు.

కథ అక్కడితో అయిపోతే కథ అనుకుని కన్నీళ్లు తుడుచుకోవచ్చు. అందులో నటించినవాళ్లు నటులు కారు, ఆ పేటల పిల్లలే. చిత్రం తెరకెక్కే లోపలే వాళ్లలో కొందరు హత్యలకు గురయ్యారు. చిత్రాన్ని వాళ్లకే అంకితం చేశారు. ఆ తరువాత మరికొందరు పోయారు. సామాన్యంగా సినిమాలో చచ్చినవాడు బయట బతికే వుంటాడు. ఈ సినిమా సంగతి తలకిందులు.

దరిద్రం నుంచి, చావు నుంచి పంక్ ఈ పిల్లలను తప్పించగలదని ఎవరైనా అంటే మెదెయిన్ వాళ్లు ఒప్పుకోరు. కాని ఆ కొండల మీద పాట పట్టుకున్నవాడు పాట పట్టుకున్నంతసేపూ తుపాకి పట్టుకోలేదు. ఆ సేపటికి వున్న విలువ ఎంతో ఆ తల్లులనే అడగాలి.

కూరగాయలు పంచే జంట

ఇది పాతకథ, ఆ పిల్లలు ముసలివాళ్లయి వుంటారు అనుకునేవాళ్ల కోసం మొన్న మొన్నటి సంగతి ఒకటి. మళ్లీ ఇండోనీసియాకే రావాలి. మధ్య జావాలో పుర్బలింగా అనే వ్యవసాయపు సీమ. అక్కడి నుంచి ‘సుకతానీ’ అనే ఇద్దరు మనుషుల జట్టు వచ్చింది. పాడేది ఒక అమ్మాయి, గిటారు వాయించేది ఒక అబ్బాయి. ఇద్దరూ ముసుగులు వేసుకుని వేదిక ఎక్కుతారు. పాట మధ్యలో జనానికి కూరగాయలు పంచుతారు. వంకాయలు, ఆకుకూరలు గాలిలో ఎగురుతూ వుంటే కచేరీకి వచ్చినవాడు రాత్రి కూరకు కూడా చూసుకుని ఇంటికి పోవచ్చు.

వీళ్ల పాట ఒకటి ‘బయర్ బయర్ బయర్’. ‘కట్టు, కట్టు, కట్టు’ అని అర్థం. దేనికైనా పోలీసులకు చెయ్యి తడపవలసిందే అని వేళాకోళం. 2025 ఫిబ్రవరి 20న హఠాత్తుగా ఈ ఇద్దరూ ముసుగులు తీసేసి, వాలిన మొహాలతో కెమెరా ముందు కూర్చుని, పోలీసుశాఖను క్షమాపణ కోరారు. పాటను ఉపసంహరించుకున్నారు. వారి వెనక ఎవరు నిలబడి ఆ మాటలు చెప్పించారోనని దేశమంతా అనుకుంది. అమ్మాయి బడిపంతులమ్మ. ఆమె ఉద్యోగం కూడా పోయింది.

తరువాత జరిగింది చూడండి. అప్పుడే విద్యార్థులు ప్రభుత్వ విధానాల మీద ఊరేగింపులు తీస్తున్నారు. ఇద్దరు పాడిన పాటను పోలీసుల ఎదుటనే వేలమంది పాడారు. అంతవరకూ ఆ జట్టు పేరు వినని ఇల్లాళ్లకు కూడా ఆ పల్లవి వచ్చేసింది. చివరకు పోలీసుశాఖ అధిపతే దిగివచ్చి, మా శాఖను సంస్కరించడానికి మీరు ప్రచారకులుగా వుండండి అని ఆహ్వానించాడు. ఉద్యోగం పోయిన ఆ అమ్మాయీ, ఆ అబ్బాయీ వద్దన్నారు. పదవి పుచ్చుకుంటే కష్టాలు తీరేవి. పాట మాత్రం వాళ్లది కాకుండా పోయేది.

జుట్టు మళ్లీ మొలుస్తుంది

ఇప్పుడు మనం బయలుదేరిన చోటికి, ఆచేకు తిరిగి వెళదాం.

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సముద్రం లేచి ఆ వూరి మీద పడింది. మన కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాలను తాకి నూరుమందికి పైగా పొట్టన పెట్టుకున్నది కూడా ఆ వుప్పెనే. ఆచేలో లక్షన్నరకు పైగా మనుషులు పోయారు. అంతకు ముందు 1976 నుంచి ఆ రాష్ట్రంలో సైన్యానికీ తిరుగుబాటుదార్లకూ యుద్ధం. 2005 ఆగస్టులో గాని సంధి కుదరలేదు. 2011లో పోలీసులు గుండు చేయించిన పిల్లవాడికి ఇరవై యేళ్లనుకోండి. వుప్పెన నాటికి వాడికి పదమూడు. వాడు పుట్టి పెరిగిందంతా తుపాకుల చప్పుడులో. వాడు పాడే పాట ముద్దుగా, మెత్తగా ఎక్కడినుంచి వస్తుంది? ఆ కచేరీ అనాథపిల్లల కోసమని చెప్పుకున్నాం గదా. అనాథ అంటే ఏమిటో ఆ వూళ్లో ఎవరికీ నిఘంటువు తీసి చూపనక్కరలేదు.

పెద్దవాళ్లు ఈ సంగీతాన్ని పారిపోవడం అంటారు. బాధ్యత నుంచి, చదువు నుంచి, ఇంటి నుంచి పారిపోవడం. కొంతవరకు నిజమే. కాని పారిపోయినవాడు ఎక్కడో ఒకచోటికి చేరాలి గదా! వీళ్లు చేరింది ఒకరి దగ్గరకు ఒకరు. జకార్తాలో అది ఒక చాప, ఒక ఉకులేలీ. యాంగన్‌లో అది అన్నం మూట. సియాటిల్ నుంచి ఆచేకు అది ఒక క్యాసెట్టు. ఎవరికీ అక్కరలేని పిల్లవాణ్ణి ‘రారా, నువ్వు లేకపోతే జట్టు చాలదు’ అని పిలిచే గొంతు ఒకటి కావాలి. ఆ గొంతు బొంగురుగా వుందని, శృతి కలవలేదని మనం తప్పుపట్టవచ్చు. మనం పిలవనప్పుడు పిలిచిన గొంతు అది.

మన ఇళ్లలోనూ ఎప్పుడో ఒకనాడు పెద్దకొడుకు తల వింతగా దువ్వుకుని, గదిలో చెవులు చిల్లులు పడే పాట పెట్టుకుంటాడు. ‘ఆ వెధవ గోల కట్టెయ్’ అని తండ్రి వసారాలోంచి అరుస్తాడు. అరవడం తప్పని ఎవరూ అనరు. కాని అరిచిన తరువాత ఒక్క అయిదు నిమిషాలు లోపలికి వెళ్లి, వాడి పక్కన కూర్చుని, ‘ఏమంటున్నాడురా ఆ పాడేవాడు?’ అని అడిగి చూడండి. సగం మాటలు మనకు అర్థం కాకపోవచ్చు. పిల్లవాడికి మాత్రం మీరు అడిగారన్న సంగతి అర్థమవుతుంది.

బందా ఆచే పిల్లలను పది రోజుల తరువాత వదిలేశారు. శుభ్రమైన బట్టలు, కొత్త బ్రష్షులు, నున్నటి గుండ్లతో బళ్లు ఎక్కి వూరికి తిరిగి వచ్చారు. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. కోడిజుట్టు నిలబడటానికి ఆరు నెలలు చాలు.